ఊరికి టిక్కెట్టు, పాటకి ఎక్స్‌ట్రా

సినిమాకి టిక్కెట్టుంది, జూకి టిక్కెట్టుంది, ఏడుకొండలవాడి దర్శనానికీ మూడు వందల టిక్కెట్టుంది. ఊళ్లోకి రావడానికే టిక్కెట్టు పెట్టొచ్చన్న ఆలోచన మాత్రం మన మున్సిపాలిటీల వాళ్లకి ఇన్నాళ్లూ తట్టలేదు. వెనిస్ వాళ్లకి తట్టింది. 2024 ఏప్రిల్ 25న, తమ ఊరి ఇలవేల్పు సెయింట్ మార్క్ పండగ నాడే, పొద్దున వచ్చి సాయంత్రం పోయే యాత్రికులు తలకి 5 యూరోలు కట్టాలన్నారు. వసూలు ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకానే. నాలుగు దాటితే ఊరు ఫ్రీ. రద్దీ తగ్గించడానికే ఇదంతా అన్నారు. జనం డబ్బు కట్టి మరీ వచ్చారు. మొదటి ఏడాది 29 రోజులున్న వసూలు 2025లో 54 రోజులకి పెరిగింది. ముందుగా బుక్ చేసుకోకుండా ఆఖర్న వచ్చేవాళ్లకి రేటు 10 యూరోలు చేశారు. తత్కాల్ మన రైల్వే సొంత తెలివి అనుకునేవాళ్లు ఈ సంగతి నోట్ చేసుకోవాలి.

ఇది చూసి "హవ్వ, ఊరిని అమ్ముకుంటున్నారు" అని బుగ్గలు నొక్కుకునేవాళ్లతో నాకు పేచీ. వెనిస్ ఎప్పుడు అమ్ముకోలేదు కనక? ఉప్పు అమ్మింది, మిరియాలమ్మింది, మురానో గాజు అమ్మింది. జెరూసలేం యాత్రికుల్ని ఓడలెక్కించి, తిండీ గైడూ అన్నీ కలిపి ఒకే రేటు పుచ్చుకునే ప్యాకేజీ టూర్లు 15వ శతాబ్దంలోనే నడిపింది. ఇప్పుడు కొట్లో సరుకు అయిపోయింది, కొట్టు మిగిలింది. షావుకారు కొట్టునే చూపించి డబ్బులు తీసుకుంటున్నాడు. కులవృత్తి వదల్లేదు, అంతే.

యాత్రికులు ఊరిని పాడుచేస్తున్నారన్న ఫిర్యాదు వెనిస్ నోట వింటే నాకు నవ్వాగదు. పరాయి ఊళ్లకి వెళ్లి జ్ఞాపికలు తెచ్చుకోవడంలో వాళ్లకున్న చరిత్ర ఎవరికుంది? 828లో ఇద్దరు వర్తకులు అలెగ్జాండ్రియా వెళ్లి ఏకంగా సెయింట్ మార్క్ పార్థివ దేహాన్నే తెచ్చేశారు. అక్కడి ముస్లిం అధికారులు ముట్టుకోకుండా పైన పంది మాంసం కప్పారట. ఆవకాయ సీసాని పట్టుచీరల మడతల్లో చుట్టి అమెరికా కస్టమ్స్ దాటించే మన తల్లులు ఆ వర్తకుల ముందు ఎల్‌కేజీ. ఆ దొంగతనాన్ని దాచుకున్నారా? లేదు, సెయింట్ మార్క్ గుడి ముఖద్వారాల మీద మొజాయిక్‌లు వేయించుకున్నారు. 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ని దోచినప్పుడు దొరికిన నాలుగు గుర్రాల విగ్రహాలు అదే గుడి నెత్తి మీదికి చేరాయి. 1797లో నెపోలియన్ వచ్చి వాటిని పారిస్ పట్టుకుపోతే అన్యాయమని ఏడ్చారు. 1815లో తిరిగొచ్చాయి. ఇప్పుడు బయట ఉన్నవి నకళ్లు. అసలు గుర్రాలు లోపల మ్యూజియంలో ఉన్నాయి. దానికి విడిగా టిక్కెట్టు.

ఇంత చేయి తిరిగిన వ్యాపారి మీదికి లండన్‌లో ఉద్యోగాలు చేసుకునే మన గుంటూరు దంపతులు లాంగ్ వీకెండ్‌కి బేరానికి దిగారు. ఊహించుకోండి.

ఆయన మొదటి ఎత్తు: విమానం టిక్కెట్టు చవగ్గా కొట్టాడు. దాని మీద వెనిస్ అనే రాసుంది. దిగింది మాత్రం ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని ట్రెవీజోలో. రెండో ఎత్తు: హోటల్ మెస్ట్రేలో తీసుకున్నాడు. మెస్ట్రే అంటే సముద్రానికి ఇవతలి ఒడ్డు. వెనిస్ మున్సిపాలిటీలోనే ఉంటుంది గనక అక్కడ రాత్రి బస చేసిన వాళ్లకి ఆ 5 యూరోల రుసుము లేదు. "చూశావా, ఇద్దరికీ కలిపి రోజుకి పది మిగిల్చాను" అన్నాడు. హోటల్లో దిగగానే బస పన్ను అని తలకింత, రాత్రికింత చొప్పున తీసుకున్నారు. పైగా రుసుము కట్టక్కర్లేదని రుజువు చేసుకోవడానికి ఆన్‌లైన్లో నమోదు చేసుకుని క్యూఆర్ కోడ్ తెచ్చుకోవాలన్నారు. అంటే డబ్బు కట్టేవాడికీ కోడ్ కావాలి, కట్టనివాడికీ కోడ్ కావాలి. ఇలాంటి నిబంధన రాయాలంటే వెయ్యేళ్ల పరిపాలనానుభవం ఉండాలి.

మూడో ఎత్తు ఆవిడది. పులిహోర.

మెస్ట్రే నుంచి రైల్లో పది నిమిషాలు. స్టేషన్ మెట్లు దిగితే ఎదురుగా గ్రాండ్ కెనాల్. అక్కడి నుంచి నడిచి రియాల్టో వంతెన చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆవిడ మెట్ల మీద కూర్చుని డబ్బా మూత తీయబోతోంది. ఆయన ఫోన్ చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఆగాగు. ఇక్కడ కూర్చుని తినకూడదట."

"పులిహోరేగా అండీ!"

"2019లో ఎవరో ఇద్దరు జర్మన్లు ఈ మెట్ల మీదే స్టవ్ పెట్టుకుని కాఫీ కాచుకున్నారట. 950 యూరోలు ఫైనేసి ఊళ్లోంచి పంపేశారు."

"మనం స్టవ్ పెట్టలేదు కదా."

"తాలింపు వాసన చాలు, పెట్టామనే అనుకుంటారు."

కూర్చుంటే తప్పు గనక నడుస్తూ తినాలని దంపతులు తీర్మానించుకున్నారు. 1591 నాటి రాతి వంతెన మీద, చేతిలో డబ్బాతో, వేరుశనగ గింజలు రాలకుండా, ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి. వాళ్లని దాటి వెళ్తున్న ఇరవై ఐదుగురి గుంపులో గైడు ఏదో చెబుతున్నాడు. ఇరవై ఐదుకి మించి గుంపు కట్టకూడదనీ, గైడ్లు లౌడ్‌స్పీకర్లు వాడకూడదనీ 2024లో ఇంకో నిబంధన వచ్చింది. ఇది మాత్రం మన పెళ్లిళ్లకి కూడా పెడితే బాగుండు.

గొండోలా దగ్గర అసలు యుద్ధం జరిగింది. 280 చెక్క ముక్కలు, ఎనిమిది రకాల కలప, ఎడమ పక్క కుడి పక్క కన్నా వెడల్పు, ఇదంతా ఆవిడ చదివి చెబుతోంది. ఆయన చూపు రేట్ల బోర్డు మీదుంది. పగలు అరగంటకి 90 యూరోలు, ఐదుగురి దాకా ఎక్కొచ్చు.

"ఐదుగురికి తొంభై అంటే మనిషికి పద్దెనిమిది. మేమిద్దరం. ముప్ఫై ఆరు ఇస్తాం" అన్నాడు.

చారల చొక్కా గొండోలియర్ అతన్ని జాలిగా చూసి, పాటగాడు కావాలంటే ఎక్స్‌ట్రా అన్నాడు. అడగని సరుకు రేటు చెప్పి అడిగిన సరుకు రేటు మరిపించడం షావుకారీ విద్యల్లో పైమెట్టు. ఆయన అరనిమిషం పాటు నిజంగానే పాట రేటు బేరమాడాడు.

తేరుకున్నాక ఆవిడే దారి కనిపెట్టింది. గ్రాండ్ కెనాల్‌ని అడ్డంగా దాటించడానికి ట్రగెట్టో అని ఉంటుంది. అదీ గొండోలాయే, కుర్చీలూ కుచ్చులూ ఉండవు, తలకి 2 యూరోలు, రెండు నిమిషాల ప్రయాణం. ఊరివాళ్లు కూరగాయల సంచులతో అందులో నిలబడే దాటుతారు. మన దంపతులు సరిగ్గా మధ్యలో, వెనకాల సంచులు పడకుండా సెల్ఫీ తీసుకుని ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. క్షణంలో ఆడపడుచు అడిగింది: "పాట పాడలేదా వదినా?" వదిన రాసింది: "పాడాడు, వీడియో తీయలేదు."

ఇక్కడ గెలుపు గుంటూరుదే అని ఒప్పుకోవాలి.

తర్వాత శాన్ మార్కో ప్రాంగణం చూశారు. వెనిస్ రిపబ్లిక్‌ని ఏలిన డోజ్‌ల ప్యాలెస్‌ని బయటి నుంచి చూశారు. నీటి ఒడ్డున రెండు పెద్ద స్తంభాలుంటాయి. వాటి మధ్య నిలబడి చేతులు చాచి ఫొటో దిగారు. రిపబ్లిక్ రోజుల్లో నేరస్థుల్ని చంపింది ఆ స్తంభాల మధ్యే. అందుకని వెనిస్ వాళ్లు ఆ సందులోంచి నడవరు. ట్రిప్పు మొత్తంలో బాగా వచ్చిన ఫొటో ఇదేనట, ఆవిడ డీపీ పెట్టుకుంది.

వెనక్కి వస్తుంటే రియాల్టో దగ్గర ఒక మందుల షాపు కిటికీలో మెరుస్తున్న అంకె కనిపించింది.

"ఇదేంటి, టెంపరేచరా?"

"జనాభా అండీ. పాత ఊళ్లో ఇంకా కాపురముంటున్నవాళ్లు."

1951లో లక్షా డెబ్బై వేల పైచిలుకు మనుషులున్న ద్వీపాలవి. 2022లో లెక్క 50 వేల కిందికి జారింది. మరుసటి ఏడాదికి యాత్రికుల మంచాలు ఊరివాళ్లని మించిపోయాయి. రాత్రి పడుకునే మంచాల్లో సగానికి పైగా అతిథులవైతే, ఇంతకీ ఇంటివాళ్లెవరు? ఈ లెక్కని మందుల షాపులో పెట్టడం ఎవరి ఆలోచనో గానీ, చోటు సరిగ్గా ఎంచారు. ఆయన కిటికీకి ఫొటో తీయబోయాడు. గాజులో ఆయన సెల్ఫీ స్టిక్కే పడింది.

స్టేషన్‌కని బయల్దేరి దారి తప్పారు. ఆ సందుల్లో ఫోన్‌లోని నీలం చుక్క కాలవలోకి దూకుతుంది, గోడల్లోంచి నడుస్తుంది. అలా తిరిగి తిరిగి ఒక చిన్న చావడి లాంటి చోట తేలారు. కోర్తె సెకొందా దెల్ మిలియోన్. మార్కో పోలో కుటుంబం ఉండిన చోటని గోడ మీద పలక. 1271లో వెళ్లి 1295లో తిరిగొచ్చిన మనిషి. ఇరవై నాలుగేళ్ల ట్రిప్పు. మనవాళ్లకి సోమవారం పదింటికి మీటింగుంది.

ఆవిడ ఫోన్‌లో చదవడం మొదలెట్టింది. పోలో పుస్తకంలో ముత్‌ఫిలి అనే రాజ్యం ఉంది. భర్త పోయాక రాణి న్యాయంగా ఏలుతోందని రాశాడు. చరిత్రకారులు ఆ రాణి మన రుద్రమదేవి అంటారు, ముత్‌ఫిలి మన మోటుపల్లి. అక్కడి బట్టలు సాలెగూడంత సన్నమని మెచ్చుకున్నాడు. లోయలోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలు అంటుకున్న ముక్కల్ని పైకి తెస్తాయనీ రాశాడు. ఆ రోజుల్లోనూ రీల్స్ ఉండేవన్నమాట. అంతకు ముందే, 1244లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనం వేయించాడు. ఓడలు పగిలి కొట్టుకొచ్చిన సరుకుని పాత రాజుల్లా లాక్కోబోమనీ, నిర్ణయించిన సుంకం మాత్రమే పుచ్చుకుంటామనీ వర్తకులకి అభయమిచ్చాడు. సుంకం సరుకుకే. మనిషికి లేదు.

"ఏవండీ, మోటుపల్లి మా అమ్మమ్మగారి ఊరికి పక్కనేనండీ. చీరాల దగ్గర."

"అయితే?"

"అంత దూరం ఇక్కడి మనిషి వచ్చి చూశాడట. ఈసారి ఇండియా వెళ్లినప్పుడు ఓ పూట వెళ్దామా?"

"టిక్కెట్టెంత?"

"టిక్కెట్టేం ఉండదండీ. వీరభద్రస్వామి గుడీ, శాసనం, సముద్రం."

"టిక్కెట్టే లేదంటే ఇంకేముంటుందోయ్ అక్కడ చూడ్డానికి" అని ఆయన స్టేషన్‌కి వెళ్లే వపొరెట్టో పడవకి టిక్కెట్టెంతో చూశాడు. 75 నిమిషాలకి చెరో తొమ్మిదిన్నర యూరోలు. ఈసారి బేరమాడలేదు. కాళ్లు నొప్పిగా ఉన్నాయి.