నిప్పుపరీక్షల నూలన్న

ఉరవకొండలో జేబులో అగ్గిపెట్టె వేసుకుని జిమ్ముకు పోయే మనిషి కనబడితే బీడీలు తాగేవాడనుకోకండి. ఆయన నూలన్న. అసలు పేరు వేరే ఉంది గానీ ఓటరు కార్డుకు తప్ప దాంతో ఎవరికీ పనిలేదు. ఇట్లాంటివాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు తయారవుతున్నారు. ముందు తెల్లబియ్యం మాని కొర్రలకు మారతారు. తర్వాత గానుగ నూనె, ఆపైన రాగిచెంబు. నోటికి సంబంధించిన సంస్కరణలన్నీ అయిపోయాక ఒంటిమీది గుడ్డ మీద పడతారు. నూలన్న ఆ ఆఖరి మెట్టు మీదున్నాడు. కసరత్తు చేసేటప్పుడు తొడిగే బనీనులో ప్లాస్టిక్ పోగు ఒక్కటి కూడా ఉండకూడదని ఆయన వ్రతం.

జిమ్ములోకి ఎవడైనా మెరిసే టీషర్టుతో వచ్చాడంటే వాడి పని అయిందే. "ఒక్క పోగు ఇయ్యప్పా" అంటూ అంచు నుంచి దారం లాగేస్తాడు. పుల్ల గీసి దగ్గర పెడతాడు. నూలైతే చక్కగా అంటుకుని, కాలిన కాగితం వాసన వేసి, వేలితో నలిపితే పొడైపోయే బూడిద మిగులుతుంది. పాలియెస్టరైతే మంటకు భయపడి ముడుచుకుని, కరిగి, నల్లటి గట్టి ఉండ కడుతుంది. ఆ ఉండను అరచేతిలో పెట్టి చూపిస్తూ, "చూడు, నువ్వు తొడుక్కున్నది పెట్రోలు" అంటాడు. అబద్ధమేం కాదు, దాని పుట్టుక ముడిచమురు నుంచే. టీషర్టు యజమాని చూపంతా మాత్రం తన అంచుకు పడిన చిల్లి మీదే ఉంటుంది.

ఇంట్లో పెద్దాయనతో దీని మీద రోజూ గొడవే. పాలియెస్టర్‌ను 1941లో ఇంగ్లండులో కనిపెట్టారు. అది టెర్లిన్ పేరుతో మన దగ్గరికి వచ్చిన కాలంలో టెర్లిన్ చొక్కా ఉన్నవాడే దొర. "ఇస్త్రీ అక్కర్లేదు, నలగదు, పదేండ్లయినా చిరగదు. ఆ చొక్కా చూసే మీ అమ్మోళ్లు పిల్లనిచ్చిరి" అంటాడు ఆయన. పెట్టెలో భద్రంగా దాచుకున్న ఆ పెండ్లిచొక్కా అంచు ఒకరోజు కాస్త మాడి కనిపించింది. తండ్రీకొడుకులకు వారం దాకా మాటల్లేవు.

నూలన్న చెప్పేదాంట్లో సరుకు లేకపోలేదు. పాలియెస్టర్ గాలిలోని తేమను తన బరువులో అర శాతం కూడా పట్టుకోదు; నూలు ఏడెనిమిది శాతం దాకా పట్టుకుంటుంది. చెమట పీల్చిన నూలు తొందరగా ఆరదని, బరువెక్కుతుందని కంపెనీలవాళ్లు భయపెడతారు. ఆ భయం విశాఖపట్నానికి సరే. అనంతపురం ఎండగాలికి తడిగుడ్డ ఎంతసేపుంటుంది? మట్టికుండ నీళ్లను చల్లబరిచినట్టు తడిసిన నూలు బనీను ఒంటిని చల్లబరుస్తుంది. ఈ ఒక్క విషయంలో నా ఓటు నూలన్నకే.

కానీ ఆయన అంతటితో ఆగడు. "ఉతికినప్పుడల్లా ప్లాస్టిక్ నలుసులు ఊడి నీళ్లలో కలిసి సముద్రానికి పోతాయప్పా" అన్నాడొకసారి. "పెన్నలో నీళ్లు సముద్రం దాకా పోయే ఏడు చూస్తాంలే" అన్నాడు పక్కన బస్కీలు తీస్తున్నవాడు.

ఇంతకీ ఇది మగ్గాల ఊరు. ఊరంతా పట్టుచీరలు నేస్తుంటే ఈయన ఫోన్లో బనీను వెతుక్కుంటున్నాడు. ఉండబట్టలేక ఒక నేతన్నను అడిగాడు. "మగ్గం మీది గుడ్డ సాగదు సామీ. బనీను నేసేది కాదు, అల్లేది. అది తిరుప్పూరు మిషన్ల పని. నాకాడ చీర ఉంది, కట్టుకుని దండీలు తీస్తావా?" అన్నాడాయన.

పొందూరు ఖద్దరు జుబ్బా తెప్పించాడు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారని తెలిసి పొంగిపోయాడు. ఆ జుబ్బాతో జిమ్ముకు పోతే పిల్లలు, "ఓటు ఎవరికెయ్యాలన్నా?" అని అడిగారు. వెదురు బనీను దొరికింది గానీ, వెదురును రసాయనాల్లో కరిగించి తీసే రేయానే అదని తెలిసి తిప్పి పంపాడు. సేంద్రియ నూలుకు వేసే జీఓటీఎస్ ముద్రలో పెద్ద తరగతి 'ఆర్గానిక్'. దానికి 95 శాతం సేంద్రియ నార చాలు. మిగతా 5 ఏంటని ఆయనకు రెండు రాత్రులు నిద్రలేదు. చివరికి వేల రూపాయలు పెట్టి మెరినో ఉన్ని బనీను కొనబోతుంటే, గొర్రెలు తోలుకుపోతున్న కురుబాయన తన గొంగళి చూపించి, "ఇదీ ఉన్నేగా నాయనా, దీనికి దుడ్లెవరూ ఇయ్యరే" అన్నాడు. గొంగళిలో తింటూ వెంట్రుకలు ఏరడమనే సామెత ఎట్లా పుట్టిందో నాకు ఆ రోజు తెలిసింది.

ఆఖరికి తిరుప్పూరు బనీనే గెలిచింది. పోగు వెలిగిస్తే బూడిద. మెడపట్టీ బూడిద. లేబులూ బూడిదే. హమ్మయ్య అనుకుని, ఎందుకైనా మంచిదని భుజం కుట్టు ఒకటి విప్పి వెలిగించాడు. ఉండ కట్టింది.

"లోకమంతా కుట్టేది పాలియెస్టర్ దారంతోనే" అని దర్జీ ఎంత చెప్పినా వినలేదు. కుట్లన్నీ విప్పించి నూలుదారంతో మళ్లీ కుట్టించాడు. మర్నాడు బరువు పైకెత్తగానే కుడిచంక టప్పున విడిపోయింది. జిమ్మంతా నవ్వింది. నూలన్న నవ్వలేదు. "తెగితే తెగనీ, మట్టిలో కలిసిపోతుంది" అన్నాడు.

ప్రస్తుతం గట్టి నూలుదారం కోసం వెతుకుతున్నాడు. మీ ఎరుకలో ఎక్కడైనా ఉంటే ఆయనకు కబురు చేయండి. నాకు మాత్రం వద్దు. నాకున్న నాలుగు చొక్కాలూ టెరికాటనే.