వంక లేని బండి

జయపురం సంస్థానం రోజులైతే దివాన్జీ గారికి నాలుగు ఠావుల అర్జీ రాసుకుని, కోట గుమ్మం దగ్గర మూడు రోజులు పడిగాపులు కాసేవాణ్ణి. 1936 ఏప్రిల్ 1న ఈ కొండలన్నీ విశాఖపట్నం జిల్లాలోంచి విడివడి ఒడిశాలో చేరాయి. అప్పట్నుంచి మా బొయిపరిగుడలో తెలుగు అర్జీ చదివే నాథుడు లేడు. ఒడియాలో రాద్దామంటే నాకు బేరమాడేంత వచ్చు గానీ మొరపెట్టుకునేంత రాదు. అంచేత ఈ ఫిర్యాదును పాఠక మహాశయుల సముఖంలోనే దాఖలు చేసుకుంటున్నాను.

ముద్దాయి ఒక కరెంటు సైకిలు. రంగు నలుపు. బరువు ఇరవై మూడు కిలోలు. నేరం: నన్ను నిర్వంకుణ్ణి చేయడం.

ఈ మాట నిఘంటువులో దొరక్కపోవచ్చు. నా కథ వింటే అర్థం దొరుకుతుంది. మాది జయపురం నుంచి మల్కనగిరి పోయే రోడ్డు మీది ఊరు. చుట్టూ గుగ్గిలం చెట్ల అడవులు, ఎగుడుదిగుడు దారులు. మా ఇంటికీ సంతకీ మధ్య ఒక మిట్ట ఉంది. ఇన్నేళ్లుగా నా సంసారం సాఫీగా సాగిందంటే ఆ మిట్ట చలవే. "ఏవండీ, కొత్తిమీర మరిచారు, మళ్లీ ఓసారి వెళ్లి రండి" అని మా ఆవిడ అనడం, నేను మోకాలి మీద చెయ్యేసుకుని "ఆ మిట్ట..." అనడం, ఆవిడ నిట్టూర్చి పులుసులో కొత్తిమీర లేకుండానే సరిపెట్టడం మా ఇంటి రాజ్యాంగం. పాత సైకిలుకు గేర్లు లేవు. నాకు వంకలకు లోటు లేదు.

విశాఖలో ఉద్యోగం చేసే మా అబ్బాయి ఈ రాజ్యాంగాన్ని ఒక్క పార్సిల్‌తో రద్దు చేశాడు. "నాన్నా, మోకాళ్ల నొప్పులన్నారు కదా" అన్నాడు ఫోన్లో. కొడుకుల దగ్గర ఆచితూచి మూలగాలని ఆ రోజు తెలిసింది.

మొదటి రోజు స్టాండు తీసి, ఎక్కి, పెడలు మీద కాలేశాను. అర చుట్టు తిప్పానో లేదో, వెనకనుంచి ఎవరో రెండు చేతులతో తోశారు. పక్కింటి కుర్రాడి అల్లరనుకుని "ఎవడ్రా?" అంటూ తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు. ముందు మాత్రం కిళ్లీ బడ్డీ ఉంది. బడ్డీవాడు మంచివాడు, లేచి పక్కకు తప్పుకున్నాడు.

తర్వాత తెలిసిందేమిటంటే, పెడళ్ల ఇరుసు దగ్గర అయస్కాంతాలు గుచ్చిన చిన్న బిళ్ల ఉంటుందట. కాలు తిరుగుతోందని అది కనిపెట్టగానే వెనక చక్రం నడుమనున్న మోటారుకు కబురందుతుంది. కాలు కష్టపడుతోందా, ఊరికే తిరుగుతోందా అన్న విచక్షణ దానికి లేదు. తిప్పితే చాలు, తోసేస్తుంది. తిప్పడం మానినా ఓ క్షణం దాని ఉత్సాహం దానిదే. బ్రేకు పిడి నొక్కితే తప్ప ఊరుకోదు. పిలవని పెళ్లికి వచ్చి వడ్డన కూడా తనే చేసే చుట్టంలాంటిది.

దీంతో పరువు నష్టం ఎంత జరిగిందో లెక్క కట్టలేను. మునుపు మిట్టెక్కి వస్తుంటే నా చొక్కా తడిసేది, జనం అయ్యో అనేవారు. ఇప్పుడు పొడి చొక్కాతో, నవ్వుమొహంతో ఎక్కేస్తున్నాను. అంబలి కుండ నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చిన ఓ ముసలమ్మ నన్ను నిలబెట్టి అడిగింది, "మౌసా, తొక్కుతున్నావా, తొక్కుతున్నట్టు నటిస్తున్నావా?" ఆ ప్రశ్నకు ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు.

చట్టాన్ని ఆశ్రయిద్దామనుకున్నాను. మోటారు పావు కిలోవాటు లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోల లోపు ఉంటే అది మన చట్టం దృష్టిలో మోటారు బండే కాదట. లైసెన్సు అక్కర్లేదు, నంబరు అక్కర్లేదు. మోటారుంది గానీ మోటారు బండి కాదు! వేదాంతుల నోట నేతి నేతి అని విన్నాను గానీ రవాణా శాఖ దాకా వచ్చిందని ఎరుగను. ఈ వేదాంతం రిపేరు దగ్గర మరీ ముదిరింది. సైకిలు షాపువాడు చూసి, "దీనికి వైర్లున్నాయి, నాది కాదు" అన్నాడు. మోటారు మెకానిక్ చూసి, "దీనికి పెడళ్లున్నాయి, నాదీ కాదు" అన్నాడు. ఇద్దరి మధ్యా త్రిశంకుడిలా రోడ్డు మీద నేను.

ఈ కుట్ర ఈనాటిది కాదు. 1895లోనే అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన వెనక చక్రంలో మోటారు అమర్చి పేటెంటు పుచ్చుకున్నాడు. అయితే దేవుడు గృహస్థుల పక్షాన ఉండి, ఆ కాలపు బ్యాటరీలను సీసంతో చేయించి, మోయలేనంత బరువు పెట్టాడు. మరో వందేళ్లు భర్తలు నిశ్చింతగా బతికారు. తర్వాత లిథియం బ్యాటరీ వచ్చింది. దానికి దారి వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. నా సంగతి ఎవరూ అడగలేదు.

ఈ ముక్క మా ఆవిడ దగ్గర అన్నాను. అనకుండా ఉండాల్సింది. "అదే 2019లో మన పాత్రపుట్ కమలా పూజారికి పద్మశ్రీ ఇచ్చారు, గుర్తుందా?" అంది. "బడి మొహం చూడని మనిషి, ఊరూరా తిరిగి వంద రకాల పైగా నాటు వరి విత్తనాలు పోగుచేసింది. ఆవిడకి మిట్టలు అడ్డం రాలేదేం?" నేను గొంతు సవరించుకునే లోపు రెండో సాక్షి. "తెంతులిగుమ్మ లక్ష్మణ్ నాయక్ 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో మత్తిలి ఠాణాకి జనాన్ని వెంటబెట్టుకు వెళ్లాడు. ఆయనకి ఏ కొడుకు పంపాడండీ సైకిలు?" ప్రాణం పణంగా పెట్టిన ఆ మహానుభావుడి ముందు నా మోకాలు తల వంచుకుంది. కొత్తిమీరకి బయల్దేరాను.

కరెంటు మీద తోసేద్దామని చూశాను. "బిల్లు పేలిపోతుందే" అన్నాను. అబ్బాయికి ఫోను వెళ్లింది. ఆ బ్యాటరీ 36 వోల్టులది, 10 ఆంపియర్-అవర్లది, అంటే నిండా పట్టేది 360 వాట్-అవర్లు. అర యూనిట్ కూడా కాదు! పైగా వాడు మరో లెక్క చెప్పాడు. నేనూ బండీ కలిపి క్వింటాలు. క్వింటాలు బరువును వంద మీటర్ల ఎత్తుకు చేర్చడానికి 27 వాట్-అవర్లు చాలట. గాలికీ, రాపిడికీ, వేడికీ పోయేది పోగా కూడా మా మిట్టను ఒక్క ఛార్జింగుతో ఎన్నోసార్లు ఎక్కొచ్చు. కన్నతండ్రిని క్వింటాళ్లలో కొలిచిన కొడుకును ఇప్పుడే చూడటం.

"మరి కరెంటు చాలొద్దూ?" అన్నాను చివరి ఆశగా. ఈ జిల్లాలో ఆ మాట చెల్లదు. ఒకపక్క ఆంధ్రా, ఒడిశా ఉమ్మడిగా కట్టుకున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం, మరోపక్క ఎగువ కొలాబ్. ఎగువ కొలాబ్ ఒక్కటే 320 మెగావాట్లది. నా బండిలాంటివి 12 లక్షల 80 వేలు ఒకేసారి మిట్టెక్కినా దానికి చాలు. అంతమంది భర్తల్ని ఒకేసారి కొత్తిమీరకి పంపగల శక్తి కొండ మీద కాపలా ఉంటే, నేనెక్కడికి పోను?

వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట. నాకు ఓ రోజు డొంక దొరికింది. రామగిరి రోడ్డులో పోతుంటే బ్యాటరీ చచ్చింది. ఛార్జింగు పెట్టడం మరిచింది నేనే. మోటారు మాట్లాడకపోతే ఈ బండి ఎంత బరువో ఆ రోజు ఒళ్లంతా తెలిసింది. తోసుకుంటూ, రొప్పుకుంటూ, చొక్కా పిండుకునేలా ఇల్లు చేరాను. మా ఆవిడ ఫ్యాను వేసింది. మజ్జిగ ఇచ్చింది. "పాపం" అంది. ఆర్నెల్లయింది ఆ మాట విని. ఆహా, పోయిన రాజ్యాంగం తిరిగొచ్చిందనుకుని ఆ రాత్రి కావాలనే ఛార్జింగు పెట్టకుండా పడుకున్నాను. తెల్లారి చూస్తే ఛార్జరు మీద పచ్చ లైటు. ఆ రోజు నుంచి ఛార్జింగు పెట్టే ఖాతా ఆవిడే తీసుకుంది.

కాబట్టి నా ప్రార్థన ఏమిటంటే, ముద్దాయి నుంచి మోటారును వేరుచేసి, నా మిట్టను నాకు యథాపూర్వంగా ఇప్పించాలి.

ఒక్క సంగతి మాత్రం దయచేసి రికార్డుకెక్కించకండి. ఈమధ్య పొద్దున్నే, ఇంటిల్లిపాదీ లేవకముందే, తలుపు చప్పుడు కాకుండా బండి బయటికి తీస్తున్నాను. ఎవరూ ఏమీ తెమ్మనలేదు. మంచు దిగుతుండగా మిట్టెక్కుతాను. పైన ఓ నిమిషం ఆగుతాను. దిగి, మళ్లీ ఎక్కుతాను. గుగ్గిలం చెట్ల వాసన, చక్రాల చిన్న సద్దు తప్ప మరేమీ ఉండదు. వెనకనుంచి తోసే ఆ చేతుల్ని ఇప్పుడు తిరిగి చూడటం మానేశాను. తిరిగొచ్చి, బండి యథాస్థానంలో పెట్టి, దుప్పటి కప్పుకుని, మోకాలు పట్టుకుని మూలుగుతాను.

ఇవాళ కాఫీ గ్లాసు అందిస్తూ మా ఆవిడ అడిగింది, "రాత్రి బ్యాటరీకి అయిదు గీతలూ నిండా ఉన్నాయండీ. పొద్దున్న చూస్తే నాలుగే ఉన్నాయి. ఎలకలు గానీ తిన్నాయంటారా?"

వంక వెతుకుతున్నాను.