ఉప్పుగాలిలో ఇరవై గళ్లు

నాకు తెర లేదు. తెర ఉండాల్సిన చోట ఇరవై గళ్లున్నాయి. గడికి ఎనిమిది పిన్నుల లెక్కన మొత్తం 160. లేచిన పిన్ను చుక్క, లేవనిది ఖాళీ. పిల్ల వేలు చివరి గడి దాటి బొత్తాం నొక్కితే పాత వరస దిగిపోయి కొత్తది లేస్తుంది. రాయడానికి నా నెత్తిన ఆరు మెట్లున్నాయి. హార్మోనియం మీద శ్రుతి పట్టినట్టు కావలసినవన్నీ ఒక్కసారే నొక్కాలి, అప్పుడు ఒక అక్షరం. బ్రెయిలీ డిస్‌ప్లే అంటారు నన్ను. ఈ పిల్ల మాత్రం 'నా పలక' అంటుంది.

మాది మైపాడు దగ్గర బడి. పిల్ల వాళ్ల నాయన వేటకు పోతాడు. నేను రాకముందు ఆమె చట్రంలో కాగితం బిగించి, కుడి నుంచి ఎడమకు పొడుచుకుంటూ పోయి, తిరగేసి తడుముకునేది. టీచరుకు బ్రెయిలీ రాదు. నాతోపాటు పెట్టెలో వచ్చిన పుస్తకమేమో ఇంగ్లీషులో, మామూలు అచ్చులో ఉంది. ఎవరు చదువుతారని వేశారో!

లూయీ బ్రెయిలీ 1829లో అచ్చువేయించిన ఆరు చుక్కల పద్ధతినే 1951లో మన దేశం భాషలన్నిటికీ సర్ది భారతి బ్రెయిలీ అంది. అందుకే తెలుగు 'ప'కూ ఇంగ్లీషు 'పి'కీ చుక్కలు ఒకటే. అచ్చులకు గుణింతాలు కూడా వేరే లేవు. కొమ్ము పెట్టాల్సిన చోట మళ్లీ ఉకారమే. ఒత్తు వేద్దామంటే నాకు కింద చోటేదీ? వచ్చేది జంట అని ముందే చెప్పడానికి 4వ చుక్క ఒక్కటే ఒక గడిలో నిలబడుతుంది.

ఒకరోజు టీచరు 'ఉప్పు' రాయమంది. పిల్ల ఐదు గళ్లలో రాసింది: ఉ, 4వ చుక్క, ప, ప, ఉ. ఫైలు నా కార్డులో దాచింది. టీచరు కార్డు తీసి కంప్యూటర్లో పెడితే కనిపించింది ఇంగ్లీషు: యు, ఈమెయిల్ చిరునామాలో వచ్చే 'యాట్' గుర్తు, పి, పి, యు.

"ఏందమ్మే ఇది? తెలుగు రాయమంటే ఇంగ్లీషు కొట్టావు."

"ఉప్పే రాశాను గదా టీచర్. ఏలు పెట్టి చూడండి."

టీచరు వేలు పెట్టింది. గరుగ్గా తగిలింది, అంతే. సున్నా పడింది. నోరుంటే ఆ పూట నేను అరిచేవాణ్ణి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం సారు వచ్చాకే గుట్టు తెలిసింది. ఆ ఫైలు చుక్కల బొమ్మల్ని ఇంగ్లీషు గుర్తుల మారుపేర్లతో దాస్తుంది. 4వ చుక్కకు మారుపేరు ఆ యాట్ గుర్తు. సారు లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. చూపూ వినికిడీ లేని జాన్ బోయర్ మొదలుపెట్టిన పని అది. అందులో తెలుగు పట్టిక కూడా ఉంది. దాంట్లో వేసి తిప్పితే తెర మీద తెలుగు వచ్చింది. ఒత్తుల దగ్గర అనుమానం వస్తే టీచరు ఇప్పుడు పిల్లనే అడుగుతుంది. సున్నా కొట్టేసి ఎంత వేసిందో నాకు తెలీదు, అది ఎర్ర సిరాతో వేసిన లెక్క.

ఇప్పుడు కేబులుతో కంప్యూటరుకు తగిలించి ఇద్దరూ ఒకే పాఠం చదువుతున్నారు. మొన్న టీచరు తెర మీద 'తీరపు అలలు' అని చదివింది. పిల్ల నా మీద చదివి "తీరపు కలలు" అంది. వెంటనే నవ్వి "అలలు" అని దిద్దుకుంది.

టీచరు ఈసారి కోప్పడలేదు. వంగి చూసింది. 'అ'కు 1వ చుక్క ఒక్కటే. దానికి 3వ చుక్క కలిస్తే 'క'. నా ఏడో గడిలో 3వ పిన్ను ఈ ఉప్పుగాలికి బిగుసుకుపోయి పైనే నిలబడి ఉంది.

"అది దిగదు టీచర్. వారం నుంచీ అంతే."

"మరి నాకు చెప్పలేదేందమ్మే?"

"మీకు కళ్లున్నాయి గదా టీచర్. అగపడిందేమో అనుకున్నా."