మెయిలు వైద్యుడు

చిత్రావతిలో నీరు పారని సంవత్సరములు గోరంట్లకు క్రొత్తకావు. బెంగుళూరునుండి సాఫ్ట్‌వేరు కుర్రవాడు దిగని ఉగాదిని మాత్రము ఈ నడుమ ఆ యూరెరుగదు. ఎరువులకొట్టులో నెలసరి లెక్కలను హిందూపురపు ఆడిటరుగారికి తనంతట తానే మెయిలు చేయవలసిన ప్రోగ్రాము, చేయక, తెరపై చిన్న పెట్టె నొకదానిని తెరచి యేమో మొరపెట్టుకొనుచున్నదని చెవిని పడినంతనే, ఇతడు చేతిలోని ఓళిగ ముగియకమునుపే బయలుదేరును.

రోగి మాట వినకుండుట ఇతని వైద్యమునకు ప్రథమసూత్రము. ఆ పెట్టెలో మూడంకెల సంఖ్యయు, దాని ప్రక్కనే కారణమును ఉండును. 1982లో జాన్ పోస్టెల్ మహాశయుడు మెయిళ్లను పంపు ఎస్‌ఎంటీపీ మర్యాదలను గ్రంథస్థము చేయుచు, నాలుగుతో మొదలగు సంఖ్యకు ‘ఇప్పుడు కాదు, మరల రమ్ము’ అనియు, ఐదుతో మొదలగుదానికి ‘ఇదే తీరున మరల రావలదు’ అనియు అర్థమేర్పరచెను. తిరస్కరించుచునే కారణము చెప్పు ఇట్టి సౌజన్యమును మన కచ్చేరీల జాబులలో నెన్నడైన కంటిమా? మన వైద్యుడో, దానిని చదువుట తన విద్యకు లాఘవమని యెంచి, తెరచుకొనుటయే తడవుగా ‘ఓకే’ నొక్కి మూసివేయును. కొట్టు యజమాని కన్నద్దములు సవరించుకొనునంతలో అది మాయమగును.

“ఏం రాసింది అబ్బీ అందులో?”

“ఏం లేదులే మామా, ఎర్రరు.”

పిమ్మట చికిత్స. యంత్రము నార్పి వెలిగించును. యాంటీవైరసును నిద్రపుచ్చును. పలకరింపు ముగిసినపిదప గుప్తభాషణమునకు దిగు 587 పోర్టును తీసి, తొలిమాటనుండియే గుప్తభాషణము కోరు 465ను వేయును గాని, ఆ భేదమును తెలుపు ప్రక్కగడిని ముట్టడు. అదియు ఫలింపకున్న 25 వేయును. స్పాము భయముచే పెక్కు నెట్‌వర్కులు ఆ ద్వారమునకు తాళము వేసియుండుటచే తెర కదలక నిలిచిపోవగా, “కనెక్టవుతాంది” అని భాష్యము చెప్పును. ఇక మాధవరాయస్వామి గుడిలో టెంకాయ కొట్టించుటయే తక్కువ.

ఈ ఉగాదికి ఆ కొట్టులో లెక్కలు వ్రాయు అమ్మాయి, అతడు మంచినీళ్లు త్రాగుటకై తల యెత్తిన అదనున, పెట్టెను చదివివేసెను.

“535 అంటన్నా. పాస్‌వర్డు ఒప్పుకోలేదంట.”

2022 మే 30 మొదలుకొని, కేవలము పేరును మామూలు పాస్‌వర్డును చెప్పుకొనివచ్చు ప్రోగ్రాములను జీమెయిల్ లోనికి రానిచ్చుట లేదు. ఖాతాకు రెండంచెల తనిఖీ పెట్టుకొని, 16 అక్షరముల యాప్ పాస్‌వర్డును తీసికొని, దానిని ప్రోగ్రాములో వేయవలెను. అమ్మాయి తన ఫోనులో ఈ సంగతి వెదకి చూపగా, వైద్యుడు సావకాశముగా నీరు త్రాగి, “నేనూ అదే చెప్తాండా గదా” అనెను. ఆమె అక్షరములు చదువుచుండ అతడు కొట్టెను, మెయిలు పోయెను. యజమాని సంచెడు చెనక్కాయలు కట్టి అతని చేతికే ఇచ్చెను.

కీర్తి క్షణములో వీధి దాటినది. ఎదుటి మందులకొట్టులో తెరపై 421 నిలిచియున్నది. అది నాలుగుతో మొదలగునదే కావున, కొంత తడవు ఊరకున్న తానే సర్దుకొనెడిదేమో. అప్పటికే మన వైద్యుడు కుర్చీ లాగుకొని, విండోసును తుడిచి మరల వేయుటకు ఉపక్రమించెను.