జడ్జి గారు ఏ పద్దు కింద?

మా భద్రాచలం బాబాయి సబ్ ట్రెజరీలో బిల్లులు పాస్ చేసీ చేసీ రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపరు చదువుతూ, ఎర్ర పెన్నుతో వార్తలకు అభ్యంతరాలు రాస్తుంటాడు. దేశమంతా ఆయనకు పద్దులుగానే కనిపిస్తుంది.

"అబ్బాయ్, బస్తర్ ఖాతా చూశావా? ఇంత ముచ్చటైన ఖాతా నా సర్వీసులో చూడలేదు" అన్నాడు మొన్న.

బస్తర్ గొడవ మనకెందుకని అడగకండి. భద్రాచలం దాటి చింతూరు మీదుగా పోతే కుంట. అదే ఛత్తీస్‌గఢ్ గుమ్మం. 2005లో నక్సలైట్లకు ఎదురుగా సల్వా జుడుం మొదలయ్యాక వేలకు వేల మంది ఊళ్లు వదిలి మన ఖమ్మం, గోదావరి అడవుల్లోకే వచ్చి పడ్డారు. గుత్తికోయలంటూ మనం పిలిచేది వాళ్లనే. కాబట్టి ఖాతా తిరగేసే హక్కు బాబాయికి ఉంది.

"నక్సలిజాన్ని అంతం చెయ్యడానికి ఢిల్లీ వాళ్లు పెట్టిన గడువెంత?"

"2026 మార్చి 31."

"కోర్టు భవనాలకు కేంద్రం డబ్బిచ్చే పథకం ఉంది. ఐదేళ్లకు 9,000 కోట్లు, అందులో కేంద్రం వాటా 5,307. దాని గడువు?"

నేను నోరు వెళ్లబెట్టాను.

"అదీ 2026 మార్చి 31కే. మొదటి గడువు ఊళ్లో చంటిపిల్లాడికి కూడా తెలుసు. రెండోది నాకూ, ఆ ఫైలు మోసే అటెండరుకూ తెలుసు."

పోనీ, డబ్బు లేక కోర్టులు కట్టలేదా అంటే అదీ కాదట. 2019-20లో ఈ పథకం కింద రాష్ట్రాలకు మంజూరైంది 981.98 కోట్లు. అన్నీ కలిసి ఖర్చు పెట్టింది 84.9 కోట్లు. అదీ ఐదు రాష్ట్రాల పుణ్యం. మిగిలిన 91 శాతం మురిగింది. "దీన్నే పొదుపు అంటారు" అన్నాడు బాబాయి భక్తిగా.

ఇలా మురగకూడదనే మన పొన్నవరం ఆయన, జస్టిస్ ఎన్.వి. రమణ, ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా కోర్టుల కట్టడాలకు ఒక జాతీయ సంస్థ కావాలన్నారు. 2021 అక్టోబరులో ఔరంగాబాద్ సభలో న్యాయశాఖ మంత్రి ఎదురుగానే లెక్క విప్పారు: దేశంలో 26 శాతం కోర్టు సముదాయాల్లో ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేదు, 16 శాతంలో మగవాళ్లకే లేదు. మరుసటి ఏప్రిల్‌లో ముఖ్యమంత్రుల్ని కూర్చోబెట్టి అడిగితే చాలామందికి ఆ ఆలోచన నచ్చలేదు. నచ్చదు మరి. మరుగుదొడ్డికి శంకుస్థాపన చేస్తే ఫొటో ఏం బాగుంటుంది?

బాబాయి పేజీ తిప్పాడు. తీవ్రవాద ప్రాంతాల్లో కోటల్లాంటి పోలీసు స్టేషన్లు కట్టే పథకం ఇంకొకటి. 400 స్టేషన్లు, ఒక్కోటి 2 కోట్లు. పక్కనే 2008 చట్టం ప్రకారం పెట్టే గ్రామ న్యాయాలయానికి కేంద్రం ఇచ్చే సాయం: ఒకేసారి 18 లక్షలు. భవనానికి 10, బండికి 5, బల్లలూ బీరువాలకు 3. ఆపైన ఏడాదికి 3.20 లక్షల చొప్పున మూడేళ్లు. నాలుగో ఏట జడ్జి గారు ఏం తింటారో పథకంలో రాయలేదు. దేశమంతటా ఐదు వేలకు పైగా వస్తాయనుకున్న న్యాయాలయాలు కొన్ని వందల దగ్గరే ఆగిపోయాయి.

అక్కడి పోలీసులకు గోడలు అక్కర్లేదని నేననను. 2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర ఒక్కరోజే 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు పోయారు. వాళ్ల ఇళ్లలో ఏడుపు అబద్ధం కాదు. ఆ తర్వాత ప్రభుత్వం చురుగ్గా కదిలి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వంద మందికి పైగా ఆదివాసుల్ని పట్టుకొచ్చి ఉపా కింద లోపల వేసింది. పట్టుకోవడానికి నిధుల కొరత రాలేదు. విచారణకే వచ్చింది. 2022 జులైలో ప్రత్యేక ఎన్‌ఐఏ కోర్టు 121 మందిని నిర్దోషులని వదిలేసింది. అప్పటికి ఐదేళ్లు. నిందితుల్లో ఒకరు తీర్పు వినకుండా జైల్లోనే పోయారు. జవాన్లను చంపిందెవరన్న ప్రశ్నకు ఆ తీర్పుతో జవాబూ రాలేదు.

"ఐదేళ్లు నిర్దోషులకు పెట్టిన అన్నం ఏ పద్దులో రాస్తారు బాబాయ్?"

"జైళ్ల పద్దులో. పొరపాటున కోర్టు పద్దులో రాశావనుకో, న్యాయానికి ఎక్కువ ఖర్చయినట్టు కనపడుతుంది."

ఇది ఒక్క కేసు తంతు కాదు. జగ్దల్‌పూర్‌లో ఆదివాసుల కేసులు చూసిన న్యాయసహాయ బృందం దంతేవాడ సెషన్స్ కోర్టు రికార్డులు తిరగేసి, 2005 నుంచి 2012 వరకు సగటున 95.7 శాతం కేసులు కొట్టుడుపోయాయని తేల్చింది. (ఆ లాయర్లు 2016లో ఊరే వదలాల్సి వచ్చింది. రికార్డులు మాత్రం అక్కడే ఉన్నాయి.) బాబాయి ఎర్ర పెన్ను మూత తీశాడు. "వందలో తొంభై అయిదు బిల్లులు వెనక్కొచ్చే ఆఫీసుకు మా రోజుల్లో మెమో ఇచ్చేవాళ్లం. ఇక్కడ అదనపు సిబ్బందినిచ్చారు."

ఆ సిబ్బంది ముచ్చటా ఉంది. సల్వా జుడుం రోజుల్లో ఆదివాసీ కుర్రాళ్లను నెలకు 3,000 రూపాయలకు స్పెషల్ పోలీసులుగా పెట్టుకున్నారు. ఆ గౌరవ వేతనం కేంద్రం తిరిగి చెల్లించేది. 2011 జులై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఇది చెల్లదన్నారు. ఆ ఏడాదే రాష్ట్రం సహాయక సాయుధ దళం చట్టం తెచ్చి వాళ్లనే అందులో సర్దేసింది. ప్రభుత్వం కోర్టు మాట వినలేదని ఎవరంటారు? విని, కొత్త పద్దు తెరిచింది.

ఇక వాయిదా రోజు చూడాలి. ఏళ్ల తరబడి బీజాపూర్‌కూ సుక్మాకూ కూడా దంతేవాడ కోర్టే దిక్కు. కుంట అవతలి పల్లె నుంచి ఒకామె ముందురోజే బయల్దేరుతుంది. కొంత నడక, కొంత జీపు, ఆపైన బస్సు. కొంగున కట్టిన డబ్బు ఛార్జీలకే సరిపోదు. కోర్టు ఆవరణలో చెట్టు కింద కూర్చుంటుంది. మధ్యాహ్నానికి తెలిసేదేమిటంటే, ఎస్కార్టుకు మనుషులు చాలక మొగుణ్ణి జైలు నుంచి తేలేదని. తెచ్చిన రోజు ఇంకో చిక్కు. ఆమె మాట దోర్లా, మన తెలుగుకు దగ్గరి చుట్టం. కోర్టు మాట హిందీ. దుబాసీ పోస్టుకు జీతమివ్వాలి కాబట్టి, అక్కడ ఎవరికి రెండు ముక్కలొస్తే వాళ్లే దుబాసీ. ఆమెకు చివరికి అర్థమయ్యేది 'తారీఖ్' ఒక్కటే.

పై కోర్టుకు పోదామంటే హైకోర్టు బిలాస్‌పూర్‌లో ఉంది. కుంట నుంచి దాదాపు 600 కిలోమీటర్లు. హైదరాబాద్ హైకోర్టు అంతకంటే దగ్గర, అమరావతి హైకోర్టు ఇంకా దగ్గర. నవ్వకండి. మనమూ కర్నూలును న్యాయ రాజధాని అనీ, కాదు బెంచి అనీ తీర్మానాల మీద తీర్మానాలు చేసుకుంటున్నవాళ్లమే.

"అయితే ఉపాయమేమిటి బాబాయ్?"

ఉపాయం ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. 2024లో ఛత్తీస్‌గఢ్ సర్కారు 'నియద్ నెల్లానార్' అని పథకం పెట్టింది. భద్రతా దళాల క్యాంపు చుట్టూ 5 కిలోమీటర్లలోని ఊళ్లకు రేషను, ఆధార్, అంగన్‌వాడీ, రోడ్డు, సెల్ టవరు వస్తాయి. క్యాంపు వస్తే అన్నీ వస్తున్నాయి కదా, ఆ మూటలోనే ఒక మేజిస్ట్రేటునూ, ఒక దుబాసీనీ, 5 లక్షల జీపునూ చేర్చి భద్రతా వ్యయం కింద చూపిస్తే ఎవరూ అడగరంటాడు. కాగితం తీసి ప్రతిపాదన చక్కగా రాశాడు. అంచనా వేశాడు. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ వేశాడు.

తర్వాత, అలవాటు కొద్దీ, తన ప్రతిపాదనకు తనే అభ్యంతరం రాశాడు: 'జడ్జి వచ్చినచో విడుదలలు పెరుగును. విడుదలలు పెరిగినచో జైళ్ల పద్దులో కేటాయింపు మిగులును. మార్చి 31 లోగా ఖర్చు కాని మొత్తమునకు సంజాయిషీ ఎవరిచ్చెదరు? తిప్పి పంపడమైనది.'