పని అయ్యాకే పుచ్చుకోండి

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పోర్టేజ్ అనే చిన్న ఊరుంది. 2013లో ఆ ఊరి పాలకులు చెత్త ఎత్తే లారీలు ఐదింటి కోసం ఓ కంపెనీకి కాంట్రాక్టులిచ్చారు. విలువ సుమారు 11 లక్షల డాలర్లు. మరుసటి ఏడాది మేయర్ జేమ్స్ స్నైడర్ ఆ కంపెనీ గడప తొక్కి, తనకు డబ్బు అవసరం పడిందన్నారు. అడిగింది 15 వేల డాలర్లు, చేతికొచ్చింది 13 వేలు. లారీల దగ్గర ఊరు బేరమాడిందో లేదో గానీ, మేయర్ దగ్గర కంపెనీ మాత్రం ఆడింది.

సలహాలిచ్చినందుకు ఫీజు అన్నారు మేయర్. జ్యూరీ నమ్మలేదు. 21 నెలల జైలుశిక్ష పడింది.

సుప్రీంకోర్టుకు మాత్రం ఇందులో నేరం కనిపించలేదు. 2024 జూన్ 26న ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరోవైపు నిలిచి తీర్పిచ్చారు. మెజారిటీ తరఫున రాసినవారు బ్రెట్ కవనా. ఫెడరల్ నిధులు పొందే స్థానిక సంస్థల్లో అవినీతిని పట్టే 666వ సెక్షన్ లంచానికే వర్తిస్తుందట. ముందుగా మాట్లాడుకోకుండా, పని పూర్తయ్యాక ఇచ్చే కానుక దాని కిందికి రాదట. మన పెళ్లిళ్లలో తాళి కట్టకముందు పుచ్చుకుంటే కట్నం, కట్టాక పుచ్చుకుంటే లాంఛనం అయినట్టు. ముందే మాట్లాడుకున్నారని రుజువు చేస్తే కేసు నిలుస్తుంది. అలాంటి మాటలను స్టాంపు పేపరు మీద రాసుకునే మేయర్లు ఎక్కడున్నారో వెతుక్కోవడం ఇక ప్రాసిక్యూటర్ల పని.

కవనా వాదనలో పస లేదనలేం. ఫెడరల్ అధికారి లంచం తింటే 15 ఏళ్ల వరకు, కానుక పుచ్చుకుంటే రెండేళ్ల వరకు శిక్ష. అలాంటప్పుడు ఊరి ఉద్యోగి కానుకకు పదేళ్లెలా వేస్తారని ఆయన ప్రశ్న. కానుకలను కట్టడి చేయాలనుకుంటే రాష్ట్రాలు, ఊళ్లు తమ చట్టాలు తామే చేసుకోవచ్చన్నారు. కోటీ తొంభై లక్షల మంది రాష్ట్ర, స్థానిక ఉద్యోగుల గురించీ బెంగపడ్డారు. బడి టీచరుకు తల్లిదండ్రులిచ్చే బుట్టెడు కానుకలు, ప్రొఫెసరుకు విద్యార్థులు చిపోట్లే హోటల్లో పెట్టించే భోజనం నేరమైపోతాయేమోనని భయం. 13 వేల డాలర్లతో చిపోట్లేకి వెళ్తే ప్రొఫెసరుతో పాటు కాలేజీలో సగం మంది తిని రావచ్చు. ఆ లెక్క తీర్పులో లేదు.

అసమ్మతి తీర్పు రాసిన కెటాంజీ బ్రౌన్ జాక్సన్ చట్టాన్నే చదివి వినిపించారు. ప్రలోభానికి లొంగి తీసుకున్నా, ప్రతిఫలంగా తీసుకున్నా నేరమేనని 666లో రాసే ఉంది. దీన్ని మెజారిటీ చదివినట్టు చదవడం ఈనాటి కోర్టుకే నచ్చుతుందని ఆమె చురక.

కోర్టుకు ఈ ఔదార్యం కొత్త కాదు. వర్జీనియా గవర్నర్‌గా చేసిన బాబ్ మెక్‌డానెల్ దంపతులు ఓ వ్యాపారి నుంచి రోలెక్స్ గడియారంతో సహా లక్షా 75 వేల డాలర్లకు పైగా కానుకలు, అప్పులు పుచ్చుకున్నారు. అధికారులతో సమావేశం ఏర్పాటు చేసినంత మాత్రాన అది అధికార చర్య కాదంటూ 2016లో అప్పుడున్న ఎనిమిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆయన శిక్ష రద్దు చేశారు. వ్యవహారం రోతగానే ఉందని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఒప్పుకుంటూనే ఆ పని చేశారు.

కానుకల మర్యాద ఈ న్యాయమూర్తులకు పుస్తకాల్లోనే కాదు, అనుభవంలోనూ తెలుసు. శామ్యూల్ అలిటో 2008లో ఓ కుబేరుడి ప్రైవేటు విమానంలో అలాస్కాకు చేపల వేటకు వెళ్లారు. 2023లో ఈ సంగతి బయటపడితే, తాను ఎక్కకపోతే ఆ సీటు ఎలాగూ ఖాళీగా ఉండేదని పత్రికలో వ్యాసం రాశారు. క్లారెన్స్ థామస్ ఏళ్ల తరబడి హార్లన్ క్రో అనే కోటీశ్వరుడి విమానాల్లో, నౌకలో విహరించారు. ఆప్తమిత్రుల ఆతిథ్యం వెల్లడించనక్కర్లేదని తనకు చెప్పారన్నది ఆయన వివరణ. 2023 నవంబరులో తొమ్మిది మంది న్యాయమూర్తులూ కలిసి ఓ ప్రవర్తనా నియమావళి మీద సంతకాలు చేశారు. దాన్ని మీరితే ఎవరు అడగాలో అందులో లేదు.

స్నైడర్‌ను ఒడ్డున పడేసిన ఆరుగురిలో అలిటో, థామస్ ఇద్దరూ ఉన్నారు. ఆ తీర్పు వెలువడిన నెలలోనే బయటికొచ్చిన థామస్ ఆస్తుల పత్రాల్లో ఓ సవరణ కనిపించింది. 2019లో బాలిలో తన బసకు క్రో డబ్బు కట్టిన సంగతి పొరపాటున రాయడం మరిచారట.