పుటిటాఫ్ సూత్రం: నిద్రాభంజని వ్యాఖ్య

మూలం: “రిగార్డింగ్ ద సర్వర్ అప్‌గ్రేడ్, ప్లీజ్ పుట్ ఇట్ ఆఫ్ టిల్ మండే.”

అవతారిక: శుక్రవారం సాయంత్రం మాదాపూర్‌లో క్యాబులు కదిలే వేళకు లండన్ క్లయింటు నుంచి దిగిన ఏకవాక్య గ్రంథమిది. దీన్ని చదివిన మా కుర్రవాడు సర్వర్‌ని శుభ్రంగా ఆపేసి, ఊరికి బస్సెక్కాడు. శనివారం తెల్లవారుజామున మూడింటికి నా ఫోన్ మోగింది. ఆ మేలుకొలుపులో పుట్టింది కనుక ఈ వ్యాఖ్యకు నిద్రాభంజని అని పేరు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మెతుకుసీమవాడైన కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను.

ప్రతిపదార్థం: సర్వర్ అప్‌గ్రేడ్ రిగార్డింగ్ = సర్వరును కొత్తదనానికి తెచ్చే పనిని గూర్చి; ప్లీజ్ = దయచేసి (ఇది ప్రార్థన రూపంలో ఉన్న ఆజ్ఞ అని సంప్రదాయజ్ఞులు); పుట్ = పెట్టుము; ఇట్ = దానిని; ఆఫ్ =          ; టిల్ మండే = సోమవారము దనుక.

‘ఆఫ్’ దగ్గర ఖాళీ అచ్చుతప్పు కాదు. ఆ ముక్కకు విడిగా అర్థం రాయబోయినవాడే సర్వర్ ఆర్పుతాడు.

పూర్వపక్షం: ఇక్కడ ఆర్పువాదులు ఇలా అంటారు. “లైటు పుటాఫ్ చెయ్యి”, “ఫ్యాను పుటాఫ్ చెయ్యి” అని మన పెద్దలు తరతరాలుగా అంటున్నారు, అది శిష్టప్రయోగం. ‘ఇట్’ అంటే సర్వర్. కనుక దాన్ని సోమవారం దాకా ఆర్పి ఉంచమని భావం. చూశారా, ఒక్క మాటా మిగలకుండా అన్వయం కుదిరింది! తప్పుడు అన్వయాలు ఎప్పుడూ ఇంత చక్కగానే కుదురుతాయి.

సిద్ధాంతం: అది కాదు. ‘సర్వర్ అప్‌గ్రేడ్’ తత్పురుషం. అందులో ఉత్తరపదమే ప్రధానం. రామబాణం పట్టుకురమ్మంటే రాముణ్ణి భుజాన వేసుకుని ఎవరూ రారు. కాబట్టి ‘ఇట్’ అప్‌గ్రేడ్‌ను పట్టుకుంటుంది గానీ సర్వర్ జోలికి పోదు. అప్‌గ్రేడ్ అనేది దీపం కాదు, ఆర్పడానికి వీల్లేదు. వీలైనదల్లా వాయిదా వెయ్యడమే. అదే అర్థం.

ఒక్క ‘పుట్’కు ఇన్ని వేషాలేమిటని మనం ఆశ్చర్యపోనక్కర్లేదు. ‘హృ’ ధాతువు ఒక్కటే. ముందు ‘ప్ర’ చేరితే దెబ్బ, ‘ఆ’ చేరితే అన్నం, ‘వి’ చేరితే షికారు, ‘సం’ చేరితే చావు. అలాంటి ఉపసర్గలు సంస్కృతంలో ఇరవైరెండు. ఇంగ్లీషువాడి ‘పుట్’ కూడా ‘ఆన్’తో చొక్కా తొడుక్కుంటుంది, ‘అవుట్’తో మంట ఆర్పుతుంది, ‘డౌన్’తో నలుగురిలో చులకన చేస్తుంది, ‘అప్ విత్’తో అన్నీ భరిస్తుంది. ఈ ఆఖరిది ఉద్యోగస్థులు కంఠస్థం చెయ్యదగ్గది.

శంక: అయితే మన ఉపసర్గ ధాతువుకు ముందు బుద్ధిగా నిలబడుతుంది కదా. ఇది వెనక నిలవడం, పైగా మధ్యలో ‘ఇట్’ను దూరనివ్వడం ఎక్కడి మర్యాద?

సమాధానం: వేదమర్యాద. అష్టాధ్యాయి మొదటి అధ్యాయం నాలుగో పాదంలో పాణిని, ఉపసర్గలు ధాతువుకు ముందుండాలని చెప్పి, ఆ వెంటనే ఛందస్సులో, అంటే వేదంలో, అవి వెనకైనా రావచ్చు, మధ్యలో వేరే మాట అడ్డున్నా ఉండవచ్చు అని సడలించాడు. ఆ లెక్కన మా క్లయింటు అచ్చమైన ఛాందసుడు. అయితే వేదంలో ఇష్టమైనది ఇంగ్లీషులో నియమమైంది: నామవాచకమైతే ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ రెండూ చెల్లుతాయి, సర్వనామమైతే మధ్యలోనే కూర్చోవాలి. ‘పుట్ ఆఫ్ ఇట్’ అసాధువు. ‘పుట్ అప్ విత్’ మాత్రం ఎవరినీ మధ్యకు రానివ్వదు.

విశేషం: శనివారం పొద్దునకల్లా లండన్ భాష మారింది. “ది అప్‌గ్రేడ్ వాజ్ టు బి పోస్ట్‌పోన్డ్” అని రెండో ఉత్తరం. శుక్రవారం ‘పుట్ ఆఫ్’ అన్నవాడే శనివారం ‘పోస్ట్‌పోన్’ అన్నాడు. చనువున్నప్పుడు ఇంటి మాట, కోపమొచ్చినప్పుడు లాటిన్. మన పెద్దమనుషులు కోపమొస్తే ‘మీరు’లోకి దిగడం లాంటిదే ఇది. 1066లో నార్మన్లు ఇంగ్లండు గెలిచాక కొలువుల్లో ఫ్రెంచి, గ్రంథాల్లో లాటిన్ రాజ్యమేలాయి. ఇంటి మాటలు వంటింట్లో మిగిలాయి. ఆ దొంతర ఇంకా చెదరలేదు.

కానీ ఆ దొరమాటను విప్పి చూడండి: ‘పోస్ట్’ అంటే తర్వాత, ‘పోనెరే’ అంటే పెట్టు. తర్వాత పెట్టు! తలకు పాగా చుట్టుకున్న ‘పుట్ ఆఫ్’, అంతే. ఉపసర్గ ముందుంటే హుందా, వెనకుంటే నాటు అన్నమాట.

గంభీరమైన రాతలో ఈ జంటక్రియలు వాడకూడదని మాస్టార్లు చెబుతారు. న్యాయస్థానాలకు ఈ సంగతి తెలియదు. కింది కోర్టు తీర్పును పై కోర్టు ‘సెట్ ఎసైడ్’ చేస్తుంది. కంపెనీని చట్టప్రకారం ‘వైండ్ అప్’ చేస్తారు. గడియారాన్ని వైండ్ అప్ చేస్తే నడుస్తుంది, కంపెనీని చేస్తే ఆగుతుంది. ఇది జిజ్ఞాసువులు ఆలోచించుకోవలసిన విషయం. అదే తీర్పును మన పత్రికలు ‘కొట్టివేసింది’ అని రాస్తాయి. ‘కొట్టు’ పక్కన ‘వేయు’. జడ్జిగారు ఎవరినో కొట్టి ఎక్కడో వేశారని పాఠకులెవరూ భయపడరు.

1755లో తన నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్సన్, పరదేశీయులకు ఇంగ్లీషులో అన్నిటికంటే కష్టం ఈ కూర్పులేనని ఒప్పుకున్నాడు. మా కుర్రవాడికి ఆ పేజీ చూపించాను. కొంత ఊరట పొందాడు. ఆ జాన్సనే తెలుగు నేర్చుకోవలసి వస్తే? డబ్బు ‘వెనకేశాడు’ అంటే కూడబెట్టాడు. కొడుకును ‘వెనకేసుకొచ్చాడు’ అంటే తప్పు చేసినా సమర్థించాడు. ‘పైకొచ్చాడు’ అంటే బాగుపడ్డాడు, ‘పైనబడ్డాడు’ అంటే కలబడ్డాడు. నిఘంటువు ముగిసేది కాదు.

తాత్పర్యం: ఓ హైదరాబాదు ఉద్యోగులారా! సర్వరును నవీకరించు పనిని సోమవారము వరకు వాయిదా వేయుడు. సర్వరును మాత్రము నడవనిండు, అని భావము.

ఉత్తరపీఠిక: రెండో ఉత్తరం చివర చిన్న వాక్యం ఒకటి ఉంది: “ప్లీజ్ బ్రింగ్ ఇట్ బ్యాక్ అప్.” ఈసారి రెండు ఉపసర్గలు, మధ్యలో ‘ఇట్’. ఆరిందాన్ని మళ్లీ లేపమని భావం. దీనికి వ్యాఖ్య మొదలుపెట్టేలోపే కుర్రవాడు ఊరి నుంచి ఫోన్ చేశాడు.

“సార్, బ్యాకప్ అడుగుతున్నారు. ఏ తేదీది పంపమంటారు?”